ఉప్పు చూడని చేయి

ఊరి కానుక పట్టుకుని సముద్రం దాటబోయేవారిని డాక్టరు ఓరుగంటి హయగ్రీవశాస్త్రి పదకొండేళ్ళుగా చూస్తున్నాడు. చూసినకొద్దీ ఆయనకు వారిపై చులకన పెరిగిందే గాని తరగలేదు.

అంతకు పూర్వం వారి బాధ వారు పడేవారు. అరిసెలో, ఆవకాయో, బందరు లడ్డులో మూటగట్టుకుని విమానమెక్కి, దిగినచోట అధికారులకు సగం సమర్పించుకుని, మిగిలిన సగం బంధువులకు పంచేవారు. పదమూడేళ్ళ కిందట లోకమంతటా పైరును ఆకుతెగులు కాల్చిన తరువాత ఆ వైభవమూ పోయింది. ఏ దేశమూ పరాయి గింజను గడప దాటనివ్వలేదు. ఆకు, నెయ్యి, తేనె, చివరకు చలిమిడి ముద్దకు అంటిన కొబ్బరి తురుము సైతం నిషిద్ధమే. ఇక కానుకలుగా మిగిలినవి బొమ్మలు, దుప్పట్లు, వెండి భరిణెలు. అవతలి వారి బీరువాలు రెండేళ్ళలో నిండిపోయాయి. మూడవ ఏట నుంచి వారు మొహం మీదే వద్దనసాగారు.

ఆ తరుణంలో చిలకలపూడిలో, గిల్టు నగల దుకాణాల నడుమ, శాస్త్రి తన ప్రయోగశాల తెరిచాడు. తాను కనిపెట్టిన యంత్రానికి ఆయన ఎంతో ఆలోచించి రసముద్ర అని నామకరణం చేశాడు. జనం దానిని వాసనబిళ్ళల మిషను అన్నారు. జనంపై ఆయనకున్న అభిప్రాయానికి అది ఒక్కటే చాలు.

ఆ ఉదయం కూడా ఇద్దరు దంపతులు వచ్చారు. లండనులో ఉన్న వదినగారింటికి నెల్లాళ్ళు వెళ్తున్నారట.

"తొలకరి మట్టివాసన ఇద్దామనుకుంటున్నామండీ," అన్నాడు భర్త.

"అది మా తోటికోడలు పోయినేడే పట్టుకెళ్ళింది," అంది భార్య. "మళ్ళీ అదే ఇస్తే మనకింకేం లేదనుకోరూ?"

"పోనీ మామిడితాండ్ర?"

"మీకు తాండ్ర గుర్తుందా అసలు? తిని ఎన్నాళ్ళయింది?"

"గుర్తు లేకపోయేదేముంది, తియ్యగా ఉంటుంది." భర్త శాస్త్రి వైపు తిరిగాడు. "మీరే చెప్పండి సార్. అందరూ ఎక్కువగా ఏది తీసుకెళ్తారో అదే చేసిపెట్టండి."

"మీ ఊరు మీకు ఎట్లా ఉంటుందో నేను చెప్పాలా?" అన్నాడు శాస్త్రి.

"కోప్పడకండి. విమానం ఆదివారం. దీనివల్ల మాకేం పోదు కదండీ?"

"పోవడానికి ముందు ఉండాలి కదా," అన్నాడాయన. అది ఛలోక్తి అనుకుని దంపతులిద్దరూ నవ్వారు.

భర్తను కుర్చీలో కూర్చోబెట్టి, ఝాన్సీ అతని కణతలకు రెండు రాగిబిళ్ళలు తగిలించింది. ఆమె పదేళ్ళుగా ఆ యంత్రాన్ని నడుపుతున్న మనిషి. తాండ్ర ముక్క ఒకటి అతని ముక్కు దగ్గర పెట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి నీరసంగా లేచి, చిన్న గుట్టలా వంగి, పడుకుంది. యంత్రం అడుగున మెంతిగింజంత పూస ఒకటి రాలింది. అందులో గింజ లేదు, ఆకు లేదు. ఏ దేశపు అధికారీ దానిని ఆపలేడు. లండనులోని వదినగారు నాలుక కింద పెట్టుకుంటే అది కరిగి, ఈయనగారి తలలో ఉన్న తాండ్ర ఆమె తలలోకి చేరుతుంది. చేరి, అక్కడే ఉండిపోతుంది.

ఈయన తలలో మాత్రం ఉండదు.

ఆ సంగతి శాస్త్రికి తెలుసు. తెలిసి తొమ్మిదేళ్ళయింది. యంత్రం నకలు తీయదు, పెరుకుతుంది. ఒక మొక్కను లాగితే వేళ్ళకు అంటిన మట్టి వచ్చినట్టు, అడిగిన వాసనతోపాటు దానిని పట్టుకున్నవి మరికొన్ని వస్తాయి. ఎన్ని వస్తాయన్నది ఎవరి వేరు ఎంత లోతో దానిని బట్టి ఉంటుంది. వచ్చేవారిలో నూటికి తొంభైమందికి వేరంటూ లేదు. కనుక వారు దేనినీ పోగొట్టుకున్నట్టు గ్రహించలేదు. సంతకం చేయించుకునే కాగితం మీద శాస్త్రి 'ఎట్టి నష్టమూ కలుగదు' అని రాయించాడు. ఎవరిని గురించి రాయించాడో వారి విషయంలో అది దాదాపు నిజమే అని ఆయన నమ్మకం.

గిలకలదిండి నాంచారమ్మ ఒక్కతే ఆయనను విసిగించింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. దుబాయిలో ఇళ్ళల్లో పనిచేస్తున్న చెల్లెలిని చూడబోతూ, రేవులో చేపలు ఆరేసిన వాసన పూసలో పట్టించుకుని వెళ్ళింది. తిరిగి వచ్చిన నాటి నుంచి ఆమెకు ఏ చేప ఆరిందో, ఏది కుళ్ళిందో పోల్చుకోవడం చేతకాలేదు. బుట్టకు బుట్ట పారబోసుకుంది. మూడుసార్లు ప్రయోగశాల గుమ్మం ముందు నిలబడింది.

"అయ్యా, నా ముక్కు నాకిచ్చెయ్యి. నీకు దణ్ణం పెడతా."

"నీ ముక్కు నీ మొహానే ఉందిగా."

"ఉంటే ఏం లాభం బాబూ? ఎదర పెడితే అదేంటో చెప్పదు."

స్నానసంధ్యలు తప్పని ఇంట పుట్టిన శాస్త్రికి, చేపల కంపు మరిచిపోయిన మనిషి ఏ విధంగా నష్టపోయిందో బోధపడలేదు. పుణ్యమే చేశానని ఝాన్సీతో అని నవ్వాడు. ఝాన్సీ నవ్వలేదు. ప్రయోగ పుస్తకంలో 'స్వల్ప విస్మృతి, ఒకరికి' అని రాసి పుట తిప్పేశాడు.

రామానాయుడుపేటలోని శాస్త్రి ఇంట ఒక నియమం ఉంది. శనివారం శనివారం నరసింహస్వామికి మహానైవేద్యం. పులిహోర, చక్కెరపొంగలి, దధ్యోదనం. మడి కట్టుకుని వండే మనిషి స్వామికి చూపించక ముందు ఉప్పు చూడరాదు. నాలుకకు తాకించిన మెతుకు ఎంగిలి. ఎంగిలి దేవుడికి పెట్టరాదు. కనుక శాస్త్రి భార్య మాణిక్యాంబ నలభై మూడేళ్ళుగా రుచి చూడకుండా వండుతోంది. ఉడుకుతున్న చింతపండు పులుసు మీద నుంచి లేచే ఆవిరిని ఒక్కసారి పీల్చి, 'ఇంకో చిటికెడు' అనుకుంటుంది. ఆ చిటికెడు ఏనాడూ ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. చుట్టుపక్కల ఇల్లాళ్ళు ఇంట్లో శుభకార్యమైతే ఆమెను పిలుచుకుపోయి పొయ్యి దగ్గర నిలబెట్టుకునేవారు.

ఈ విద్యను ఆమె తన తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంది. శాస్త్రి దీనిని విద్యగా లెక్కించలేదు. ఆయన దృష్టిలో విద్య అన్నది రాసి ఉంచదగినది.

మాణిక్యాంబ అక్క హైమవతి అడిలైడులో ఉంటుంది. ఆమెను చూడడానికి ఒక బుధవారం నాడు మాణిక్యాంబ ప్రయాణం కుదిరింది. పది రోజుల ముందే ఫోనులో కానుక మాట వచ్చింది. శాస్త్రి భోజనం చేస్తూ, పక్కన తెరిచి పెట్టుకున్న పత్రిక మీద నుంచి చూపు తిప్పకుండానే విన్నాడు.

"ఏం తెమ్మంటావక్కా?"

"కలంకారీ దుప్పట్లు మాత్రం వద్దే తల్లీ, మూడు పెట్టెలు మూలుగుతున్నాయి. వెండి భరిణెలు తెచ్చావో, నేనే సముద్రంలో పారేసొస్తాను. మనవలు వాటిల్లో రబ్బరుబ్యాండ్లు వేసుకుంటున్నారు."

"మరేం తీసుకురాను? ఉత్త చేతుల్తో ఎట్లా వస్తాను?"

అవతల హైమవతి గొంతు తగ్గింది.

"అమ్మ పులిహోర మరిచిపోయానే మాణిక్యం. పుల్లగా ఉండేదని తెలుసు. అంతే. ఎంత ఆలోచించినా వాసన రావటం లేదు. అమ్మ మొహం కూడా దాంతోపాటే మసకేస్తోంది."

ఫోను పెట్టేశాక శాస్త్రి మజ్జిగ పోసుకుంటూ, "నలభై ఏళ్ళు డబ్బాల్లో తిండి తిని, ఇప్పుడు గుర్తొచ్చిందన్నమాట మీ అక్కకు పులిహోర," అన్నాడు.

మాణిక్యాంబ ఆయన విస్తరి అంచున తీసి పెట్టిన కరివేపాకుల వైపు చూసింది.

మరుసటి వారం శాస్త్రి యంత్రం పని మీద రెండు రోజులు హైదరాబాదు వెళ్ళివచ్చాడు. శనివారం యథావిధిగా స్వామికి నైవేద్యమైంది. పంక్తిలో కూర్చుని పులిహోర ముద్ద నోట పెట్టుకున్న శాస్త్రి, పత్రికలోని వాక్యం మధ్యలో ఆగిపోయాడు.

ఉప్పు కషాయం. మింగలేక మింగి చక్కెరపొంగలి అందుకున్నాడు. అందులోనూ ఉప్పే ఉంది. దధ్యోదనంలో అసలు లేదు.

తల ఎత్తి చూస్తే, మాణిక్యాంబ వడ్డన గరిటె పట్టుకుని ఆయన ముఖం వంక చూస్తోంది. తీర్పు వినడానికి నిలబడిన మనిషిలా ఉంది.

"ఎట్లా ఉందండీ?"

"నీకు తెలియటం లేదా?"

"ఆవిరి వస్తోంది. వేడిగా ఉంది. అంతేనండి. అదేమీ చెప్పటం లేదు."

ముక్కు ఎదుట పెట్టినా చెప్పదని మరొకరు తన గుమ్మంలో అన్న మాట శాస్త్రి చెవిన మోగింది. ఆయన చేయి కడుక్కోవడం మరిచి ప్రయోగశాలకు వెళ్ళాడు.

"అమ్మగారే వచ్చారండి, మీరు హైదరాబాదులో ఉండగా," అంది ఝాన్సీ. "మీకు చెప్పొద్దన్నారు. నేను కాగితం మొత్తం చదివి వినిపించానండి. విని సంతకం పెట్టారు."

"కాగితంలో ఏముందని చదివావు?"

"మీరు రాయించిందేనండి."

ఆమె భద్రపరిచిన గీతను తెర మీదికి తెచ్చింది. పదకొండేళ్ళలో అటువంటి గీతను శాస్త్రి చూడలేదు. అది గుట్ట కాదు, పర్వతం. తెర పైఅంచును తాకి, అక్కడ నిలిచి, మెల్లగా దిగింది. యాభై అయిదేళ్ళ వేరు. అమ్మ పులిహోరను అడిగితే, దానితోపాటు అమ్మ వంటగది, ఉప్పు జాడీ, ఆవిరి చదవడం నేర్పిన మాటలు, నలభై మూడేళ్ళ శనివారాలు అన్నీ ఊడివచ్చాయి. ఆ పూస పసుపుపచ్చగా, పండిన నిమ్మగింజలా, ఇంట్లో ప్రయాణపు పెట్టెలో ఉంది.

ఆయన పరుగువంటి నడకతో ఇంటికి వచ్చి పెట్టె తెరిచాడు.

"ఇదిగో. ఇప్పుడే నాలుక కింద పెట్టుకో. నీది నీకు వచ్చేస్తుంది."

"ఇచ్చేశానండి అది."

"ఎవరికిచ్చావు? ఇంకా మన ఇంట్లోనే ఉంది. పుచ్చుకునేవాడి చేతిలో పడితే గాని దానం దానం కాదు. అది శాస్త్రం."

"కుర్చీ ఎక్కే ముందు అక్క పేరు చెప్పి నీళ్ళు విడిచానండి," అంది మాణిక్యాంబ. "పుచ్చుకునేవాళ్ళు దూరదేశంలో ఉంటే, మనసులో తలుచుకుని నీళ్ళు విడిస్తే చాలు, ఆ క్షణం నుంచి ఆ వస్తువు మనది కాదన్నారు మీరే. కిందటి కార్తీకంలో, అరుగు మీద కూర్చుని, పదిమందికి చెప్పారు. నేను లోపల అప్పడాలు వత్తుకుంటూ విన్నాను."

వాసనబిళ్ళల మిషను ముందు నిలబడి దానానికి నీళ్ళు విడిచిన మనిషి భూమి మీద మరొకరు ఉండరు. నవ్వవలసిన మాట అది. నవ్వబోయిన శాస్త్రి, ఆ శాస్త్రవాక్యం తనదేనని గుర్తొచ్చి వేరే పట్టు వెతికాడు.

"ఏమీ పోదని రాసి ఉంటే నమ్మావు. తెలియక చేసిన సంకల్పం చెల్లదు," అన్నాడు చివరికి.

"తెలిసే వెళ్ళాను. నాంచారమ్మ మనింటికీ వచ్చింది. పెరటి గుమ్మంలో కూర్చుని చెప్పుకుని ఏడిచింది." ఆమె పెట్టె మూత వేసింది. "పోతుంది కాబట్టే కదండీ ఇచ్చినట్టు! నాకేమీ తగ్గకుండా అక్కకిచ్చేదైతే, భరిణె ఇచ్చినా ఒకటే."

"మరి ఎందుకు అట్లా నిలబడి ఉన్నావు, ఇందాక? ఆ మొహం ఏమిటి?"

ఆమె దేవుడి గది వైపు తిరిగింది.

"పులిహోర ఒక్కటే పోతుందనుకున్నాను. స్వామి వంట పోతుందనుకోలేదు. నేనింక ఆయనకేం పెట్టను?"

శాస్త్రి నిటారుగా లేచాడు. ఆ క్షణాన తన ఔదార్యం తనకే గొప్పగా తోచింది.

"నా దగ్గర లేదుటే? నలభై మూడేళ్ళు నీ చేతి ప్రసాదం తిన్నవాడిని. రెండువేల శనివారాలు. నాలో ఉన్నదంతా తీయించి నీకిస్తాను. నాకు నీ వంట చప్పబడితే పడనీ. నీ చేతికి ఉప్పు తెలిస్తే చాలు. నీళ్ళు తీసుకురా, నేనూ విడుస్తాను."

మాణిక్యాంబ ఆయన వంక వింతగా చూసింది. తరువాత చెంబు తెచ్చింది.

మంగళవారం ఉదయం ప్రయోగశాల తలుపులు మూసి, ఝాన్సీ కరెంటు పొయ్యి మీద చిన్న మూకుడు పెట్టింది. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. తాలింపు చిటపటలాడి గది నిండింది. శాస్త్రి తన యంత్రపు కుర్చీలో మొదటిసారి కూర్చున్నాడు. రాగిబిళ్ళలు కణతలకు చల్లగా తగిలాయి. ఆయన కళ్ళు మూసుకుని తన పర్వతం కోసం వేచి ఉన్నాడు.

"చూస్తున్నావా ఝాన్సీ?"

"చూస్తున్నానండి."

"ఎంతవరకు లేచింది?"

"ఇంకాస్త పొగ పెడతానండి, ఉండండి."

రెండవసారి తాలింపు వేసింది. మూడవసారి వేసింది. శాస్త్రి కళ్ళు తెరిచాడు. తెర మీద ఆకుపచ్చ గీత నేల మీద పాకింది. ఒకచోట మాత్రం చీమల పుట్ట అంత లేచి, వెంటనే వాలిపోయింది. లండను దంపతుల తాండ్ర గీత దీనికంటే ఎత్తు.

"యంత్రంలో లోపం ఉంది," అన్నాడు.

"నిన్న సాయంత్రం కూడా బాగానే పనిచేసిందండి," అంది ఝాన్సీ. పూసను పళ్ళెంలోకి తీసి, ఆయన ముఖం చూడకుండా మాణిక్యాంబ చేతికి ఇచ్చింది. పసుపు రంగులో ఉండవలసిన పూస బూడిదరంగులో ఉంది.

మాణిక్యాంబ దానిని కళ్ళకద్దుకుని నాలుక కింద పెట్టుకుంది. చాలాసేపు కదలకుండా కూర్చుంది. శాస్త్రి కుర్చీ అంచుకు జరిగాడు.

"వచ్చిందా? ఏమి వచ్చింది?"

"కాగితం వాసనండి."

"ఏమిటీ?"

"కొత్త పత్రిక. పుటల కొసలు ఇంకా కోయనిది. వేళ్ళకంటిన సిరా." ఆమె ఇంకా లోపలికి వింటున్నట్టు తల వంచింది. "ఎక్కడో అడుగున, కరివేపాకు ఏరి పక్కన పెట్టినట్టుంది. అంతే."

ఝాన్సీ పొయ్యి ఆపి, మూకుడు కడిగే నెపంతో అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

"మీరు చదువుకుంటూ తినేవారు కదా," అంది మాణిక్యాంబ.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. సాకు వెతికి ఇస్తున్న మనిషి గొంతు అది. పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివారినీ హయగ్రీవశాస్త్రి ఏ చూపు చూశాడో, ఆ చూపును ఆమె ఆయన మీదికి తిప్పి ఉంటే ఆయన భరించేవాడేమో. ఆమెకు ఆ చూపు చేతకాదు. కనుక ఆయనే తిప్పుకోవలసి వచ్చింది. తాండ్ర తియ్యగా ఉంటుందన్న మనిషికి, అంత మాత్రమైనా, ఒక గుట్ట లేచింది.

బుధవారం. విజయవాడ పోయే కారు పది గంటలకు వస్తుంది. మాణిక్యాంబ తెల్లవారకముందే తలకు పోసుకుని, పూసను పసుపు గుడ్డలో కట్టి చేతిసంచిలో పెట్టుకుంది. అక్కకు చీరలు, బొమ్మలు ఏవీ సర్దుకోలేదు. ప్రయాణపు నైవేద్యానికి పొయ్యి వెలిగించలేదు. స్వామి ముందు రాగిపళ్ళెం ఒకటి పెట్టి, "మీరు కానివ్వండి," అని స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

శాస్త్రి ఆచమనం చేసి, ధ్యానం, ఆవాహనం మొదలుకొని ఉపచారాలు ఎక్కడా తడబడకుండా నడిపించాడు. నైవేద్యం దగ్గరకు వచ్చి, పళ్ళెం చుట్టూ నీరు తిప్పి, అరమోడ్పు కన్నులతో, నలభై మూడేళ్ళ ఒరవడిలో చెప్పుకుపోయాడు.

"చిత్రాన్నం, గుడాన్నం, దధ్యన్నం..."

"అవేవీ లేవండి," అంది మాణిక్యాంబ.

ఆయన చేయి ఆగింది.

"ఉన్నవాటి పేర్లు చెప్పండి."

ఉన్నవి ఏమిటో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలంటే చూడాలి. శాస్త్రి కళ్ళు పూర్తిగా తెరిచి పళ్ళెంలోకి వంగాడు. రెండు చక్కెరకేళీ పళ్ళు. ఒకదాని తొక్క మీద పెసరగింజంత నల్లమచ్చ ఉంది. వాటి పక్కన అద్దపు పెంకులా మెరుస్తూ, ఒక మూల విరిగిన పటికబెల్లం గడ్డ.

"కదళీఫలం," అన్నాడు మెల్లగా.

రెండవదానికి సంస్కృతం వెతికాడు. ఎప్పుడూ తడుముకోని ఆ నాలుకకు ఆ పూట అది దొరకలేదు. వీధిలో కారు హారను మోగింది. మాణిక్యాంబ కదలలేదు; ఆయన చెప్పేదాకా కదిలేటట్టు లేదు.

"పటికబెల్లం," అన్నాడు శాస్త్రి.

ఆమె గంట అందించింది.